ఆరోగ్యమ్మ అడిగిన నిండు అరిసె

పల్నాడులో జోజిపురం అనే ఊళ్లో ఇన్నాసమ్మ అనే ఇల్లాలు ఉండేది. అరిసెలు చేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు గానీ, వాటిని పంచే దగ్గర మాత్రం ఎదుటి మనిషి హోదా చూసేది.

ఆమె చెయ్యి మంచి చెయ్యి. ఆ మాట కాదంటే నాకు పాపం తగులుతుంది. బియ్యం నానబెట్టి, నీళ్లు వంపి, తడి ఆరకముందే దంచి, రెండుసార్లు జల్లించేది. బెల్లం పాకం చుక్కను నీళ్లలో వేసి వేలితో తిప్పి చూసి, అది ఉండ కట్టిన క్షణానే బాణలి దించేది. ఆమె అరిసె నోట్లో పెట్టుకుంటే కరిగేది, పది రోజులైనా గట్టిపడేది కాదు. ఊరంతా ఆ మాట అనుకుంటుంటే వినడం ఇన్నాసమ్మకు ఇష్టం. అది తప్పు కాదు. కాకపోతే పెద్దవాళ్ల నోట వినడం మరీ ఇష్టం. అక్కడే వచ్చింది చిక్కంతా.

జోజిపురంలో అందరూ కథోలికులే. ఆ ఊళ్లో రెండు ఆచారాలు ఉండేవి. అవి తెలియకపోతే ఈ కథ తెలియదు కాబట్టి ముందే చెబుతున్నాను. క్రిస్మస్ రోజు గుడిలో పూజ అయ్యాక, ప్రతి ఇంట్లో ఒక నిండు అరిసెను, పండక్కి ఇంట్లో కట్టుకున్న బాల యేసు బొమ్మల పాక ముందు పెట్టేవారు. మధ్యాహ్నం భోజనానికి ముందు జపం చెప్పుకుని, ఇంటి పెద్ద దాన్ని తీసుకుని, సిలువ గుర్తు వేసుకుని, అందరి ముందూ విరిచి తలా ఒక ముక్క ఇచ్చేవారు. ఆ ఏడాది ఆ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే వాళ్ల పేరున కూడా ఒక ముక్క విరిచేవారు. ఆ ముక్కను ఇంట్లో అందరికంటే వయసులో పెద్దవాళ్లు తినాలి. అరిసె విరిచిన తర్వాతే అన్నం.

రెండో ఆచారం ఏమిటంటే, మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పొయ్యి మీద నూనె బాణలి పెట్టరు. పండుగ పిండివంటలు ఆ ఇంటికి వీధివాళ్లే పంపాలి. ఒకరు జంతికలు, ఒకరు లడ్లు, ఒకరు కజ్జికాయలు. అరిసెలు పంపే బాధ్యత ఇన్నాసమ్మ ఇంటిది. ఆమె అత్తగారి కాలం నుంచీ అంతే. ఆ ఇంటి అరిసెలు వస్తాయని తెలుసు గనుక ఇంకెవరూ అరిసెలు పంపేవారు కాదు.

ఆ ఏడాది వానాకాలంలో వీధి చివరి ఇంట్లో చిన్నప్ప అనే రైతు పత్తి చేలో పాము కరిచి చనిపోయాడు. ముప్పై అయిదేళ్లయినా లేవు. భార్య విశ్రాంతమ్మ, ఎనిమిదేళ్ల కూతురు లూర్దు, డెబ్బై దాటిన తల్లి ఆరోగ్యమ్మ మిగిలారు. ముగ్గురు ఆడవాళ్లున్న ఆ ఇంట్లో నాలుగు నెలలుగా గట్టిగా మాట వినిపించలేదు. క్రిస్మస్ వస్తోందని వీధంతా సున్నాలు వేసుకుని, గుమ్మాల మీద నక్షత్రాలు కడుతుంటే, ఆ ఇంటి గుమ్మం మాత్రం బోసిగా ఉండేది.

డిసెంబరు ఇరవైమూడున ఇన్నాసమ్మ అరిసెలకు కూర్చుంది. ఆమె తట్టి నూనెలో వేస్తుంటే, కోడలు ఫిలోమిన తీసి రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కేది. నాలుగు వాయిలు ముత్యాల్లాంటి అరిసెలు వచ్చాయి. అయిదో పాకం పొయ్యి మీద ఉండగా హెడ్మాస్టరు గారి భార్య అటుగా వెళుతూ, "ఏమండీ, ఈసారి మాకు ఎన్ని?" అని నవ్వుతూ అడిగింది. ఇన్నాసమ్మ లేచి గుమ్మం దాకా వెళ్లి, ఈసారి నెయ్యి ఎక్కడిదో, నువ్వులు ఎక్కడివో వివరంగా చెప్పింది. మనం ఎంత గొప్పవాళ్లతో మాట్లాడుతున్నా పాకం ఆగదు. వచ్చి చూసేసరికి ముదిరిపోయింది. ఆ వాయి అరిసెలు చెక్కల మధ్య పెట్టగానే పెళపెళ విరిగాయి. "పోనీలే, తినడానికి పనికొస్తాయి," అంది ఇన్నాసమ్మ, వాటిని వేరే గిన్నెలోకి ఊడుస్తూ.

ఆ మర్నాడే ఓ బుట్టెడు నిండు అరిసెలు గుంటూరులో ఉన్న కూతురి అత్తవారింటికి బస్సులో వెళ్లాయి. క్రిస్మస్ ఉదయం పూజ నుంచి రాగానే ఇన్నాసమ్మ మిగిలిన పళ్లేలు సర్దింది. గుడి ఫాదర్ గారికి ఇరవై అయిదు. హెడ్మాస్టరు గారికి పదిహేను. రోడ్డు మీద ఉన్న బ్యాంకు మేనేజరు గారికి ఇరవై ఒకటి. ఇక నిండు అరిసె ఒకే ఒక్కటి మిగిలింది. దాన్ని తమ ఇంట్లో బాల యేసు పాక ముందు పెట్టింది. చివరి పళ్లెం చిన్నప్ప ఇంటిది. అందులోకి విరిగిన ముక్కల్ని దోసిలితో తీసి పోసింది.

ఫిలోమిన చూస్తూ ఊరుకోలేకపోయింది. "అత్తయ్యా, వాళ్లింటికి ఒక్కటన్నా నిండుది పెడదాం. విరవాలి గదా," అంది.

"యాడుంది? మన ఇంటికే ఒక్కటి మిగిలింది."

"మేనేజరు గారి పళ్లెంలో నించి తీద్దాం."

"ఇరవై ఒకటి పెట్టా. ఇరవై అంటే సరి సంఖ్య, ఏం బాగుంటది? వాళ్లు ఊరికి కొత్త. లెక్క తెలియకుండా పంపారనుకోరూ," అంది ఇన్నాసమ్మ. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఏడుపు ఇంట్లో ఎవరికి తినబుద్ధవుద్దే? ముక్కయినా నిండుదైనా రుచి ఒకటే," అని పళ్లెం మీద గుడ్డ కప్పింది.

ఫిలోమిన పళ్లెం తీసుకువెళ్లింది. విశ్రాంతమ్మ గుడ్డ తీసి చూసింది. "అక్కకి చెప్పమ్మా, అందినయ్యని," అంది. పళ్లెం ఖాళీగా పంపకూడదు కనుక అందులో చిన్న బెల్లం ముక్క వేసి తిరిగిచ్చింది. ఫిలోమిన తల ఎత్తకుండా ఇల్లు చేరింది.

మధ్యాహ్నమైంది. ఇన్నాసమ్మ ఇంట్లో అందరూ చాప మీద కూర్చున్నారు. గారెలు, కోడి కూర, పులావు వాసన వీధిలోకి కొడుతోంది. ఆమె భర్త శౌరయ్య జపం చెప్పి, అరిసె విరిచి ముక్కలు పంచాడు. అందరూ నోట్లో వేసుకున్నారు. ఇంకా అన్నం కలపలేదు, గుమ్మం దగ్గర లూర్దు కనిపించింది. కొత్త గౌను లేదు. పాత గౌనే, ఉతికి వేసుకుంది.

"పెద్దమ్మా, మీ ఇంట్లో నిండు అరిసె ఒక్కటి ఉందా?" అని అడిగింది.

"పొద్దున పంపాగదే," అంది ఇన్నాసమ్మ.

"అవి ముక్కలు పెద్దమ్మా. మా నాయనమ్మ అన్నం తినట్లా. నిన్న ఒక్కపొద్దు ఉంది. రాత్రి కూడా మంచినీళ్లే తాగింది. ఇవాళ పూజకి పోయొచ్చి కళ్లు తిరుగుతున్నయ్యని గోడకి ఆనుకుని కూర్చుంది. అమ్మ ఎంత బతిమాలినా నోరు తెరవట్లా."

"ముక్కలైతే ఏందే? ఓ పెద్ద ముక్క తీసి విరుచుకోండి."

"నాయనమ్మ ఒప్పుకోట్లా. ఎవరో విరిచేసిన దాంట్లో నా కొడుక్కి వాటా ఎట్లా ఉంటదే అంటంది," అంది లూర్దు. తర్వాత నేల చూపులు చూస్తూ, "నేను రెండు ముక్కలకి బెల్లం పూసి అతికించా పెద్దమ్మా. ఎంత అతికించినా అతకట్లా," అంది. ఆ పిల్ల వేళ్లు ఇంకా బెల్లంతో జిగటగా ఉన్నాయి.

శౌరయ్య విస్తరి ముందు నుంచి చెయ్యి తీసేసుకున్నాడు. "మనం తిన్న అరిసెలు వేగింది చిన్నప్ప చీల్చి ఇచ్చిన కట్టెల మీద," అన్నాడు మెల్లిగా. "వేసవిలో రెండు రోజులు చీల్చాడు. ఎంతిమ్మంటావురా అంటే పండక్కి నాలుగు అరిసెలు పెట్టించు మామా అన్నాడు."

ఇన్నాసమ్మ పాక ముందు చూసింది. ఖాళీ పళ్లెం. మళ్లీ చేద్దామంటే పిండి లేదు; బియ్యం నానాలంటే ఒక రోజు పడుతుంది. మూడు వందలకు పైగా అరిసెలు చేసిన ఇంట్లో, ఒక ముసలితల్లి ఉపవాసం విడిపించడానికి ఒక్కటంటే ఒక్క నిండు అరిసె లేదు.

"నువ్వు పోయి నాయనమ్మ దగ్గర కూర్చో. నేను తెస్తా," అని లూర్దుతో చెప్పి లేచింది. విస్తరి ముందు నుంచి అలా లేవకూడదని కూడా ఆమెకు గుర్తు రాలేదు.

మొదట ఫాదర్ గారి బంగళాకు వెళ్లింది. వంటమనిషి తలుపు తీశాడు. "ఫాదర్ గారు పక్క ఊళ్లో పూజకి పోయారమ్మా. మీ పళ్లెం అట్టానే జీపులో పెట్టుకున్నారు. అక్కడ హాస్టలు పిల్లలకి పంచుతానన్నారు," అన్నాడు. అక్కడి నుంచి హెడ్మాస్టరు గారి ఇంటికి వెళ్లింది. ఆవిడ నవ్వుతూ ఎదురొచ్చింది. "మా చుట్టాలు ఒకటే మెచ్చుకోవడం అనుకోండి. అన్నీ ముక్కలు చేసి టీతో పెట్టేశాను. ఒక్కటి మిగల్లేదు," అంది. ఏ పొగడ్త కోసం ఇన్నాసమ్మ ఏడాదంతా ఎదురుచూసేదో అదే ఆ మాట. ఆ పూట అది వింటుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

ఇక మిగిలింది మేనేజరు గారి ఇల్లు. అక్కడికి వెళ్లడానికి ఆమె కాళ్లు రాలేదు. మా వైపు పెట్టిన పళ్లెం వెనక్కి అడగడమంత తలవంపు ఇంకోటి లేదు. అడిగితే అది ఊళ్లో ఏళ్ల తరబడి చెప్పుకునే మాట అవుతుంది. రోడ్డు మలుపు దగ్గర ఇన్నాసమ్మ ఆగిపోయింది. పట్టుచీర కట్టుకుని, మిట్టమధ్యాహ్నం వేళ, పండుగ పూట ఒట్టి చేతులతో నిలబడ్డ ఆమెను దారిన పోయేవాళ్లు వింతగా చూశారు. వెనక్కి తిరిగి, దొరకలేదని చెప్పేస్తే సరిపోతుందని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ గోడకు ఆనుకుని కూర్చున్న ఆరోగ్యమ్మ కళ్ల ముందు మెదిలింది. కొంగు బిగించుకుని నడిచింది.

మేనేజరు గారి భార్య మర్యాదస్తురాలు. కుర్చీ వేసి కూర్చోమంది. "మీరు పంపినవి అందాయండీ. మా ఇద్దరికీ షుగర్. ఇంకా తెరవనే లేదు," అంది. ఆ పళ్లెం మీద కప్పిన గుడ్డ ముడి కూడా విప్పకుండా అల్మారా మీద ఉంది.

ఇన్నాసమ్మ కుర్చీలో కూర్చోలేదు. "అమ్మా, ఒక మాట అడగాలి. అందులోంచి ఒక్క అరిసె నాకు వెనక్కి కావాలి," అంది.

ఆవిడ తెల్లబోయింది. "వెనక్కా? ఎవరికండీ?"

ఏదో ఒక అబద్ధం చెప్పవచ్చు. పిల్లాడు ఏడుస్తున్నాడనవచ్చు, చుట్టాలొచ్చారనవచ్చు. ఇన్నాసమ్మ చెప్పలేదు. "మా వీధిలో మనిషి పోయిన ఇల్లు ఉందమ్మా. ఈ అరిసెలు ముందు ఆ ఇంటికి పంపాల్సినవి. నేను వాళ్లకి విరిగినవి పంపి, మీకు నిండువి పంపా. ఆ ఇంటి ముసలామె నిన్నటి నుంచి పస్తు ఉంది," అంది. చెబుతుంటే ఆమె చెవులు వేడెక్కాయి.

మేనేజరు గారి భార్య ఇంకేమీ అడగలేదు. అల్మారా మీది పళ్లెం తీసి, "ఒకటెందుకండీ, మొత్తం తీసుకెళ్లండి. త్వరగా వెళ్లండి," అని చేతిలో పెట్టింది.

చిన్నప్ప ఇంట్లో, మూలన పత్తి కట్టెలతో కట్టిన చిన్న పాక ఉంది. దాని ముందు ఒక పళ్లెంలో, బెల్లం పూసిన రెండు అరిసె ముక్కలు విడిపోయి పడి ఉన్నాయి. ఆరోగ్యమ్మ గోడకు ఆనుకుని, జపమాల చేతిలో పట్టుకుని కళ్లు మూసుకుని ఉంది. విశ్రాంతమ్మ, లూర్దు ఆమెకు అటూ ఇటూ కూర్చున్నారు. ముగ్గురి ముందూ వండిన అన్నం చల్లారిపోయింది.

ఇన్నాసమ్మ పళ్లెం నేల మీద పెట్టి ముసలమ్మ ముందు కూలబడింది. "అత్తా, తప్పు చేశా. నిండువన్నీ పెద్దవాళ్ల ఇళ్లకి పంపి, నీ ఇంటికి ముక్కలు పంపా," అంది.

ఆరోగ్యమ్మ కళ్లు తెరిచింది. "నేను తిండికి అలగలేదమ్మాయ్," అంది. "నిండుది తింటే అరుగుద్ది, ముక్క తింటే అరగదనా? ఇంట్లో అందరితో పాటు నా బిడ్డకి కూడా ఒక ముక్క విరవాల. వాడు ఈ ఇంటి మనిషేనని ఒక్కసారి చెప్పుకోవాల. ఈ ఏడాది దాటితే మళ్లీ వాడి పేరున విరవటం ఉండదు గదా."

ఇన్నాసమ్మ పళ్లెంలోంచి అన్నిటికంటే గుండ్రంగా ఉన్న అరిసె తీసి విశ్రాంతమ్మ చేతికిచ్చింది. విశ్రాంతమ్మ దాన్ని బాల యేసు పాక ముందు పెట్టింది. లూర్దు పరలోక జపం, మంగళవార్త జపం మొదలుపెడితే అందరూ అందుకున్నారు. జపం అయ్యాక ఆరోగ్యమ్మ అరిసె తీసుకుంది. సిలువ గుర్తు వేసుకుని విరిచింది. ఒక ముక్క లూర్దుకు. ఒకటి విశ్రాంతమ్మకు. ఒకటి తనకు. నాలుగో ముక్క విరిచి, "ఇది చిన్నప్పకి," అంది. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని పేరు అది. విశ్రాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. లూర్దు తల్లి ఒళ్లోకి చేరింది.

ఆరోగ్యమ్మ కొడుకు ముక్కను కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలి మింగింది. తన వంతు ముక్క ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఇన్నాసమ్మ వైపు చాచింది.

"తీసుకో. నాకు నా బిడ్డది చాలు."

"వద్దత్తా. నేనెట్టా తినను?" అంది ఇన్నాసమ్మ.

"విస్తరి ముందు నించి లేచొచ్చావంట, పిల్ల చెప్పింది. తిను. నువ్వు తింటే గానీ మేం అన్నం కలపం."

ఇన్నాసమ్మ రెండు చేతులూ పట్టి ఆ ముక్క తీసుకుంది. కళ్లనీళ్లు కారుతుంటే తింది. ఊరంతా పొగిడే తన చేతి అరిసె రుచి ఏమిటో ఆ పూట ఆమెకు తెలియలేదు. ఆరోగ్యమ్మ అన్నం కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే దాకా అక్కడే కూర్చుని, తర్వాత లేచి ఇంటికి వెళ్లింది.

పళ్లెం వెనక్కి అడిగిన మాట సాయంత్రానికే ఊరంతా పాకింది. నవ్వినవాళ్లు నవ్వారు. కానీ ఆ మరుసటి ఏడాది నుంచి ఆమె మొదటి వాయి అరిసెలు వేరే డబ్బాలో పెట్టి, అవి మనిషి పోయిన ఇళ్లకని కోడలికి చెప్పేది. ఆ ఇళ్లకు పంపాకే మిగతా పళ్లేలు సర్దేది. పెద్దవాళ్ల పళ్లేల్లో ఒకటో రెండో విరిగినవి కనిపిస్తే కనిపించేవి. ఎవరూ ఏమీ అనుకోలేదు. వాళ్లెప్పుడూ లెక్కపెట్టలేదని ఇన్నాసమ్మకు అప్పుడు తెలిసింది.

కాబట్టి, గొప్పవాళ్ల మెప్పు కోసం మేలైనది దాచి, దుఃఖంలో ఉన్నవాళ్లకు మిగిలింది పెట్టకూడదు. మన చేతిలో ఉన్నవాటిలో మంచిది ముందు దుఃఖంలో ఉన్న ఇంటికే చేరాలి.